సీజన్ టికెట్ గిట్టుబాటవుతుందా, ఇంట్లో సోఫానే నయమా?

ప్రశ్న: నమస్తే అండి. మా ఇంటి నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే ఒక టాప్ డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం వస్తుంది. నాలుగేళ్ళుగా దొరికినప్పుడల్లా ఒక్కో మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని వెళ్తున్నా. ఈసారి వెయిటింగ్ లిస్ట్‌లో నా వంతు వచ్చింది, సొంత గ్రౌండ్‌లో జరిగే లీగ్ మ్యాచ్‌లన్నిటికీ ఒకే సీటు ఉండే సీజన్ టికెట్ తీసుకుంటారా అని మెయిల్ పెట్టారు, వారం టైమ్ ఇచ్చారు. లీగ్‌లో హోమ్ మ్యాచ్‌లు 19. మా టీం ఆట చూస్తే ఏడుపొస్తుంది, పోయిన సీజన్‌లో నేను వెళ్ళిన ఆరు మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. ఆ డబ్బుతో టీవీ ప్యాకేజీ తీసుకుంటే ఏడాదంతా అన్ని టీంల మ్యాచ్‌లూ రీప్లేలతో సహా చూడొచ్చు కదా అని మా తమ్ముడు పోరు పెడుతున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ తమ్ముడి లెక్క తప్పు అనలేనండి. లెక్కగా చూస్తే స్టేడియం కంటే దండగ ఇంకోటి లేదు. 90 నిమిషాల మ్యాచ్‌లో బాల్ నిజంగా ఆడుతూ ఉండేది గంట కూడా ఉండదు, మిగతా టైమంతా త్రో-ఇన్‌లు, గోల్‌కిక్‌లు, పడిపోయినవాళ్ళు లేవడాలు. ఇక గోల్స్ సంగతి, ఇంగ్లీష్ ప్రీమియర్ లీగ్‌లో 2023-24 సీజన్‌లో 380 మ్యాచ్‌లకి 1246 గోల్స్ పడ్డాయి, ఆ లీగ్‌లో అది రికార్డు, అంత రికార్డు సీజన్‌లో కూడా మ్యాచ్‌కి సగటు మూడు పైన కాస్త అంతే. అందులో సగం అవతలోళ్ళవి. మిగిలిన ఒకటో రెండో అటు చివర గోల్‌పోస్ట్‌లో పడితే మనకి కనిపించేది ముందు సీటాయన తల. పైగా ఇప్పుడు వీఏఆర్ ఒకటి, అంటే రెఫరీ నిర్ణయాన్ని వీడియోలో మళ్ళీ సరిచూడ్డం, టీవీ ముందు కూర్చున్నవాడికి ఆఫ్‌సైడ్ గీతలు గీసి నాలుగు కోణాల్లో చూపిస్తారు, డబ్బు పెట్టి లోపలికొచ్చినోడు మాత్రం ఏం చెక్ చేస్తున్నారో తెలియక స్క్రీన్ వైపు నోరు తెరుచుకుని చూడాలి. గోల్ పడగానే ఎగరాలో ఆగాలో తెలీని పరిస్థితి, నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇదే.

అయినా జనం ఎందుకు వెళ్తున్నారు అంటే, టీవీ బాల్‌ని చూపిస్తుంది, స్టేడియం ఆటని చూపిస్తుంది. బాల్ అటు ఉన్నప్పుడు ఇటు మన లెఫ్ట్ బ్యాక్ ఎక్కడ నిలబడ్డాడు, స్ట్రైకర్ డిఫెండర్ వెనకనుంచి ఎలా జారుకుంటున్నాడు, గోల్‌కీపర్ ఎవరి మీద అరుస్తున్నాడు, ఇవన్నీ కెమెరాలో పడవు. ఒకసారి ఆ చూపు అలవాటైతే టీవీలో మ్యాచ్ చూస్తుంటే తలుపు సందులోంచి చూస్తున్నట్టు ఉంటుంది.

ఇంకోటి కూడా ఉంది, తమ్ముడి లెక్కలో ఇది లేదు. 2020లో కరోనా వల్ల ఆటలు ఆగిన తర్వాత జర్మనీలో మే నెలలో, ఇంగ్లండ్‌లో జూన్‌లో ఖాళీ స్టేడియంలలో లీగ్‌లు మళ్ళీ మొదలుపెట్టారు గుర్తుందా? ఆటగాళ్ళు వాళ్ళే, గడ్డి అదే, కెమెరాలు అవే, కానీ చూడబుద్ధి కాలేదు, చివరికి ఛానెళ్ళవాళ్ళు రికార్డు చేసిన జనం గోలని వెనకాల పెట్టుకోవాల్సొచ్చింది. 2020-21 సీజన్ దాదాపు మొత్తం అలాగే జరిగింది, ఆ ఏడాది ఇంగ్లండ్ టాప్ డివిజన్ చరిత్రలోనే మొదటిసారి హోమ్ టీంల గెలుపుల కంటే బయట నుంచి వచ్చిన టీంల గెలుపులు ఎక్కువయ్యాయి. మన అరుపులకి విలువ ఏంటి అని ఎవరైనా నవ్వితే ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు. మీ తమ్ముడు ప్యాకేజీకి డబ్బు కడితే వచ్చే మ్యాచ్‌లో సగం రుచి స్టాండ్‌లో గొంతు చించుకునే మీలాంటోళ్ళు వేసిందే, ఆ పనికి మీకు జీతం లేకపోగా ఎదురు మీరే కడుతున్నారు. తలుచుకుంటే భలే వ్యాపారం.

సరే, మీ విషయానికొద్దాం. మీరు చెయ్యాల్సిన లెక్క టీవీతో పోలిక కాదండి. సీజన్ టికెట్ ధరని మామూలుగా మీరు కొనే ఒక్క మ్యాచ్ టికెట్ ధరతో భాగించండి. 13 వచ్చిందనుకోండి, 14వ మ్యాచ్ నుంచే మీకు లాభం మొదలు. ఇప్పుడు గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, 19లో 14కి వెళ్తారా? క్యాలెండర్ వచ్చినప్పుడు అన్నీ శనివారాల్లాగే కనిపిస్తాయి, తర్వాత టీవీవాళ్ళు వాళ్ళ స్లాట్ల కోసం ఒకటి ఆదివారం సాయంత్రానికి, ఒకటి సోమవారం రాత్రికి జరుపుతారు, లీగ్ కాకుండా విడిగా జరిగే కప్ పోటీల మ్యాచ్‌లు అడ్డొచ్చి ఇంకోటి చలికాలం మంగళవారం రాత్రికి పోతుంది. అప్పటికి ఆఫీసులో మీటింగ్ ఉంటుంది, లేదా ఎవరిదో పెళ్ళి. నాకు తెలిసినంతలో సీజన్ టికెట్ ఉన్నోళ్ళు డబ్బు పోగొట్టుకునేది టీం ఓడినందుకు కాదు, మూడు నాలుగు ఖాళీ మంగళవారాల వల్ల.

అందుకే సంతకం పెట్టే ముందు క్లబ్‌ని రెండు విషయాలు అడగండి. వెళ్ళలేని మ్యాచ్‌కి మీ సీటుని క్లబ్ ద్వారానే తిరిగి అమ్ముకునే వీలుందా, ఉంటే ఎంత వెనక్కొస్తుంది అని. చాలా పెద్ద క్లబ్బుల్లో ఇప్పుడు ఈ పద్ధతి ఉంది, అలాగే ఏడాదిలో ఇన్ని మ్యాచ్‌లకి సీటు వాడకపోతే వచ్చే ఏడాది రెన్యువల్ ఇవ్వం అని షరతు పెట్టే క్లబ్బులూ ఉన్నాయి, అది చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. రెండోది, కప్ మ్యాచ్‌లు ఇందులో కలిసున్నాయా లేక విడిగా కొనాలా. తెలీకుండా కప్ పథకంలో చేర్చేసి కార్డు నుంచి డబ్బు లాగేసినప్పుడు నేను మూడు రోజులు ఫోన్ పట్టుకుని తిరిగాను, అది నా కర్మ.

ఇక మీ టీం ఓడిపోతోంది అన్నారు. అది కారణంగా పెట్టుకుంటే ఏ టీంకీ టికెట్ కొనలేం, 20 టీంలలో కప్పు ఎత్తేది ఒక్కటే. సీజన్ టికెట్‌తో మీరు కొనేది ఆ సీటు, ఆ సీటు చుట్టూ ఉండే మనుషులు. ప్రతిసారీ వేరే చోట కూర్చున్నప్పుడు మీరు ప్రేక్షకుడు, అదే సీట్లో పదిసార్లు కూర్చున్నాక పక్కాయన మోకాలి నొప్పి ఎలా ఉందో అడిగేంత చుట్టరికం వస్తుంది, వెనకాల ఒకాయన ప్రతి కార్నర్‌కీ ఒకే తిట్టు తిడతాడు, అది వినకపోతే మ్యాచ్ మొదలైనట్టే ఉండదు. ఓడిపోయే సీజన్‌లో ఈ బంధం ఇంకా గట్టిపడుతుంది, ఎందుకంటే చూడ్డానికి ఇంకేం ఉండదు కదా.

నా మాటైతే, ఒక్క ఏడాదికి తీసుకోండి. ఇరవై నిమిషాల నడక దూరం అనేది మామూలు అదృష్టం కాదు, చాలామందికి టికెట్ కంటే రైలుకీ పార్కింగ్‌కీ ఎక్కువవుతుంది. వదిలేస్తే వెయిటింగ్ లిస్ట్‌లో మళ్ళీ చివరికి పోతారు. గోడ మీద కాగితం అంటించి వెళ్ళిన ప్రతి మ్యాచ్‌కీ ఒక గీత పెట్టండి, మే నెలలో గీతలు పన్నెండు కూడా లేకపోతే మొహమాటపడకుండా వదిలేసి తమ్ముడితో పాటు సోఫా ఎక్కేయండి.

ప్రశ్న: ప్రతి ఏడాదీ టికెట్ రేట్లు పెంచుతారు, మేము గొణుక్కుంటూ కడతాం. ఫ్యాన్స్ ఎదురుతిరిగితే ఎప్పుడైనా ఉపయోగం ఉందా అండి?

జవాబు: ఉంది. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్ సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, సండర్లాండ్ మ్యాచ్. తర్వాతి సీజన్‌కి అన్నిటికంటే ఖరీదైన టికెట్ 77 పౌండ్లు అని క్లబ్ ప్రకటించింది, దానికి జవాబుగా సరిగ్గా 77వ నిమిషంలో సుమారు పదివేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2-0తో గెలుస్తోంది. వీళ్ళు వెళ్ళాక సండర్లాండ్ రెండు కొట్టి 2-2 చేసింది! నాలుగైదు రోజుల్లోనే ఓనర్లు ఆ ప్లాన్ వెనక్కి తీసుకున్నారు, పై రేటు పాత 59 దగ్గరే ఆగింది. మరుసటి నెలలో ప్రీమియర్ లీగ్ క్లబ్బులన్నీ కలిసి బయటి మ్యాచ్‌లకి వెళ్ళే ఫ్యాన్స్ టికెట్‌కి 30 పౌండ్ల పరిమితి పెట్టుకున్నాయి.

ఇక్కడ విచిత్రం చూడండి, ఆ 30 పరిమితి అతిథులకే, సొంత ఊరి హోమ్ ఫ్యాన్‌కి ఏ పరిమితీ లేదు. 2024 నవంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో, మిగిలిన హోమ్ మ్యాచ్‌ల మెంబర్ టికెట్లకి 66 పౌండ్లు అని, పిల్లలకీ ముసలివాళ్ళకీ రాయితీ లేదని చెప్పింది, గొడవైంది. ఆ స్థాయి క్లబ్బులకి అసలు డబ్బు టీవీ నుంచీ స్పాన్సర్ల నుంచీ వస్తుంది, ప్రీమియర్ లీగ్ మొత్తం మీద మ్యాచ్ రోజు ఆదాయం సుమారు ఏడో వంతే, కాబట్టి టికెట్ మీద ఇంకో ఐదు పౌండ్లు గుంజకపోతే క్లబ్ మునిగిపోతుందంటే నేను నమ్మను. కింది డివిజన్ల సంగతి వేరు, అక్కడ గేటు దగ్గర వచ్చే డబ్బు మీదే బండి నడుస్తుంది.

జర్మనీలో కాస్త వేరుగా ఉంటుంది. అక్కడ 50+1 అనే రూల్ వల్ల క్లబ్‌లో ఎక్కువ ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలి, నిలబడి చూసే స్టాండ్‌లు పోలేదు, డోర్ట్‌మండ్‌లో ఒక్క సౌత్ స్టాండ్‌లోనే సుమారు 25 వేలమంది నిలబడతారు, ఆ టికెట్లు చవక, చాలా క్లబ్బుల్లో మ్యాచ్ టికెట్ చూపిస్తే ఆ రోజు బస్సూ ట్రామూ కూడా ఫ్రీ. ఇంగ్లండ్‌లో 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగిపోయిన ఘోరం తర్వాత వచ్చిన టేలర్ రిపోర్ట్‌తో పై రెండు డివిజన్లలో అందరికీ సీట్లు తప్పనిసరి చేశారు. 97 ప్రాణాలు పోయాక భద్రత కోసం తెచ్చిన మార్పు అది, దాన్ని తప్పుపట్టను. కానీ సీట్లు వచ్చాయి కదా అని రేట్లు అమాంతం పెంచక్కర్లేదని ఆ రిపోర్టే చెప్పింది, ఆ ముక్క మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్ళు. మొదటిసారి స్టేడియంకి తీసుకెళ్ళాలని వాళ్ళ నాన్న గొడవ. అంత రేటు పెట్టి తీసుకెళ్తే ఇరవై నిమిషాలకే ఇంటికి పోదాం అంటుందేమోనని నా భయం.

జవాబు: అంటుందమ్మా, అని తీరుతుంది. అందుకే మొదటి మ్యాచ్ పెద్ద క్లబ్‌ది వద్దు, రెండు మూడు డివిజన్లు కింద ఆడే క్లబ్‌కి తీసుకెళ్ళమనండి. రేటు తక్కువ, పిల్లలకి చాలాచోట్ల నామమాత్రమే, గ్రౌండ్‌కి దగ్గరగా నిలబడొచ్చు, ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునేది వినిపిస్తుంది, బాల్ తన్నిన చప్పుడు కూడా చెవిన పడుతుంది. పిల్లలకి అదే గుర్తుంటుంది, స్కోరు కాదు. మధ్యలో ఇంటికి పోదాం అంటే తీసుకొచ్చెయ్యమనండి, పెద్ద నష్టం ఉండదు. పెద్ద స్టేడియం అయితే డబ్బు గుర్తొచ్చి బలవంతంగా కూర్చోబెడతారు, ఆ పిల్లకి జన్మలో ఫుట్‌బాల్ అంటే విసుగొస్తుంది. చెవులకి అడ్డం పెట్టుకునేవి మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: మ్యాచ్ అయ్యాక ట్రాఫిక్‌లో గంట పోతోంది. 85వ నిమిషంలో లేచి వచ్చేస్తే తప్పా?

జవాబు: 2012 మే 13న మాంచెస్టర్ సిటీ సొంత గ్రౌండ్‌లో, సీజన్ ఆఖరి మ్యాచ్, 90 నిమిషాలు అయ్యేసరికి క్వీన్స్ పార్క్ రేంజర్స్ చేతిలో 2-1తో ఓడిపోతోంది. 44 ఏళ్ళ తర్వాత చేతికందిన టైటిల్ పోయిందని కొందరు ఫ్యాన్స్ అప్పటికే లేచి బయటికి నడిచేశారు. తర్వాత సిటీ తరఫున జెకో ఒకటి కొట్టాడు, 93 నిమిషాల 20 సెకన్లకి అగ్వెరో ఇంకోటి కొట్టాడు, టైటిల్ సిటీదే. ఏడాదంతా డబ్బు కట్టి ఆ గోల్‌ని కార్ పార్కింగ్‌లో నిలబడి, లోపలి అరుపు విని తెలుసుకున్నవాళ్ళు ఉన్నారండి. మీ కారు ఎక్కడికీ పోదు, కూర్చోండి.