గొంతుకు గొట్టంతో నాన్న ఇంటికొస్తున్నారు... స్థలం అమ్మేయాలా?

ప్రశ్న: మాది తెనాలి. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదికి 11 లక్షల జీతం, చేతికి నెలకు 78 వేలు వస్తాయి. నాన్నకు 63 ఏళ్లు. పక్షవాతం వచ్చి గుంటూరులో ఐసీయూలో చేరారు. చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉండాల్సి రావడంతో ట్రాకియాస్టమీ చేశారు. ఇప్పుడు వెంటిలేటర్ తీసేశారు. మనం చెప్పేది అర్థమై తలూపుతున్నారు గానీ మాట లేదు. కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయట్లేదు. వచ్చే వారం డిశ్చార్జ్ అంటున్నారు. బిల్లు 12 లక్షలైంది. అందులో 5 లక్షలు కంపెనీ ఇన్సూరెన్స్ ఇచ్చింది, 4 లక్షలు నా పొదుపు, మిగతా 3 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఇంట్లోనే ఐసీయూలా చూసుకుంటామని ఒక సంస్థ రోజుకు 4,500 అడుగుతోంది. మందులు, సామాన్లు అదనం. నాన్న పేరు మీద 9 లక్షల ఎఫ్‌డీ, గుంటూరు శివార్లలో 200 గజాల స్థలం ఉన్నాయి. నెలకు నేను 25 వేలు, చెల్లి 15 వేలు పెట్టగలం. కంపెనీ మూడు నెలలు ఇంటి నుంచి పని చేయమంది. స్థలం అమ్మేయమంటారా? లేక ఉద్యోగం మానేసి నేనే చూసుకోనా?

జవాబు: స్థలం ఇప్పుడు అమ్మకండి. ఉద్యోగం అసలు మానొద్దు. రోజుకు 4,500 ఇంటి ఐసీయూ ప్యాకేజీ కూడా మీకు అక్కర్లేదనే నా ఉద్దేశం. నాన్నగారి మెడలో ఆ గొట్టం ఎన్నాళ్లు ఉంటుందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. అది తేలకముందే వెనక్కి తీసుకోలేని పనులు చేయకూడదు.

ట్రాకియాస్టమీ అనగానే ఇక ఆశ లేదనుకుంటారు చాలా ఇళ్లల్లో. నోట్లోంచి వేసిన వెంటిలేటర్ గొట్టాన్ని ఎక్కువ రోజులు ఉంచితే స్వరపేటిక, శ్వాసనాళం దెబ్బతింటాయి. అందుకే మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి, గొట్టాన్ని నేరుగా శ్వాసనాళంలోకి పెడతారు. నాన్నగారికి దగ్గే బలం, మింగే శక్తి తిరిగొస్తే డాక్టర్లు దాన్ని దశలవారీగా తీసేస్తారు. తీసేశాక చాలామందికి ఆ రంధ్రం దానంతటదే మూసుకుంటుంది. కొందరికి ఇది కొన్ని వారాల్లో జరుగుతుంది, కొందరికి నెలలు పడుతుంది, కొందరికి గొట్టం అలాగే ఉండిపోతుంది. కాబట్టి డిశ్చార్జ్‌కి ముందే డాక్టర్ని సూటిగా అడగండి: గొట్టం తీసే అవకాశం ఉందా, మళ్లీ ఎప్పుడు చూస్తారు, గొట్టం మార్చాల్సింది ఎప్పుడు, ఎక్కడ? పైకి ఇవి వైద్యం ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ మీ బడ్జెట్ మొత్తం వాటి మీదే ఉంది.

ఇంటి దగ్గర అయ్యే ఖర్చులో యంత్రాల వాటా చిన్నది. సక్షన్ మెషీన్ (గొట్టంలోని కఫాన్ని లాగేది), నెబ్యులైజర్, పల్స్ ఆక్సీమీటర్, ఎయిర్ బెడ్, అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), మెడ గొట్టాలు అదనంగా రెండు (అదే సైజుది ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి), అన్నీ కలిపి 30 వేలు వేసుకుందాం. సక్షన్ మెషీన్ బ్యాటరీ ఉన్నదే కొనండి, లేదా కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి పక్కన పెట్టుకోండి. కరెంటు పోయిన రాత్రి గొట్టంలో కఫం అడ్డుపడితే జనరేటర్ కోసం పరిగెత్తే టైమ్ ఉండదు. మంచం మాత్రం అద్దెకే తీసుకోండి. ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ కావాలో వద్దో డాక్టరు కాగితం మీద రాసిచ్చాకే దాని సంగతి చూడండి. మామూలు 5 లీటర్లది 300 వాట్లకు పైగానే కరెంటు లాగుతుంది. రోజంతా నడిస్తే నెలకు 200 యూనిట్లు దాటి, బిల్లు పై శ్లాబులోకి పోతుంది.

డబ్బు అసలు కరిగేది మనుషుల దగ్గర. రోజుకు 4,500 అంటే నెలకు 1,35,000. దానికి సక్షన్ కాథెటర్లు, గ్లౌజులు, ఫిల్టర్లు వగైరా 12 వేలు, మందులు, ట్యూబ్ ఫీడ్ 10 వేలు, ఫిజియోథెరపీ 8 వేలు, మంచం అద్దె 3 వేలు కలిపితే నెలకు 1,68,000. ఆరు నెలలకు పది లక్షల పైమాటే.

ఆ ఖర్చు తగ్గాలంటే ఆస్పత్రిలోంచి బయటికి రాకముందే మీరొక పని చేయాలి. మీరు, అమ్మగారు ఇద్దరూ అక్కడి సిస్టర్ల దగ్గర సక్షన్ నేర్చుకోండి. పక్కన నిలబడి చూడటం కాదు. చేతులు కడుక్కుని, గ్లౌజు వేసుకుని, కొత్త కాథెటర్ విప్పి, డాక్టరు చెప్పిన లోతు వరకే పోనిచ్చి, దాన్ని బయటికి తీస్తున్నప్పుడు మాత్రమే కఫం లాగాలి. ఒక్కోసారి పది, పదిహేను సెకన్లకు మించకూడదు. మధ్యలో ఊపిరి తీసుకోనివ్వాలి, ఆక్సిజన్ అంకె మీద కన్ను ఉండాలి. వాళ్లు చూస్తుండగా ఇదంతా మీ చేత్తో చేయాలి. మెడ గొట్టం లోపల ఉండే చిన్న గొట్టాన్ని తీసి కడిగి మళ్లీ పెట్టడం, మెడ చుట్టూ నాడా మార్చడం, రంధ్రం చుట్టూ డ్రెస్సింగ్, ముక్కు గొట్టంలోంచి ఫీడ్ ఇవ్వడం కూడా అంతే. గొట్టం ఊడొస్తే మొదటి నిమిషంలో ఏం చేయాలో కాగితం మీద రాయించుకుని మంచం దగ్గర గోడకు అంటించండి. 108తో పాటు ఆస్పత్రి నంబరు కూడా దాని మీదే ఉండాలి. ఇవన్నీ చేతికి రాలేదనిపిస్తే ఇంకో రెండు రోజులు వార్డులో ఉంచమని అడగడానికి మొహమాటపడకండి. వార్డు గది అద్దె చూసి వెనకాడే వాళ్లే తర్వాత నెలల తరబడి నర్సులకు కట్టడం నేను చూస్తూనే ఉంటాను.

సక్షన్ చేతికొస్తే లెక్క ఇలా మారుతుంది. మొదటి నెల రాత్రికి చదువుకున్న నర్సు, రోజుకు 1,500 చొప్పున 45 వేలు. పగలు కేర్‌టేకర్, రోజుకు 900 చొప్పున 27 వేలు. పైన చెప్పిన కాథెటర్లు, మందులు, ఫిజియోథెరపీ, మంచం అద్దె 33 వేలు కలిపితే 1,05,000. రేట్లు మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉంటాయి, రెండు మూడు చోట్ల అడిగి మీ అంకెలు వేసుకోండి. ఆ నెలలోనే ఆ నర్సు చేత కేర్‌టేకర్‌కి పని నేర్పించండి. ఒంటరిగా సక్షన్ చేయగలరని నర్సు, మీరు ఇద్దరూ ఒప్పుకున్నాకే రాత్రి అప్పజెప్పండి. రెండో, మూడో నెలల్లో పగలు మీరు, అమ్మగారు, రాత్రి కేర్‌టేకర్. అప్పుడు నెలకు 60 వేలు. నాలుగో నెల మీరు హైదరాబాద్ వెళ్లిపోతే పగటికి ఇంకొకరు కావాలి, అక్కడి నుంచి నెలకు 87 వేలు. మొదట కొన్న 30 వేల సామాన్లతో కలిపి ఆరు నెలలకు 5,16,000. మీ అన్నాచెల్లెళ్ల వాటా 2,40,000 పోను నాన్నగారి ఎఫ్‌డీ మీద పడేది 2,76,000.

రాత్రి మనిషిని మాత్రం ఎప్పుడూ తీసేయకండి. అమ్మగారు "నేను చూసుకుంటాలే, దండగ" అంటారు. వినకండి. గొట్టం ఉన్నంతకాలం నాన్నగారు గట్టిగా పిలవలేరు. ఎడమ చేతికి అందేలా కాలింగ్ బెల్ పెట్టినా, దాన్ని వినడానికి మెలకువగా ఒకరుండాలి. నిద్రలేక అమ్మగారు మంచం పడితే మీ లెక్కలన్నీ తలకిందులవుతాయి. కాథెటర్ల దగ్గర కూడా పొదుపు వద్దు. వాడినదాన్నే మళ్లీ వాడి నెలకు రెండు మూడు వేలు మిగిల్చి, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో మళ్లీ ఐసీయూకి వెళ్లే ఇళ్లున్నాయి. హోల్‌సేల్‌లో బాక్సుల లెక్కన కొంటే ధర తగ్గుతుంది, ఆ మిగులు చాలు.

ఇక అప్పు. ఎఫ్‌డీ మీద ఏడు శాతం వస్తుంటే, మీరు నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం కడుతున్నారు. నెలకు 6 వేలు వడ్డీకే పోతోంది. ముందు ఎఫ్‌డీలోంచి 3 లక్షలు తీసి అది తీర్చేయండి. మిగిలిన 6 లక్షల్ని ఒకే డిపాజిట్‌గా ఉంచకుండా లక్ష చొప్పున విడగొట్టించండి, అవసరమైనప్పుడు ఒక ముక్కే విరుగుతుంది. పైన చెప్పిన 2,76,000 పోను ఆరు నెలల తర్వాత ఇంకా 3 లక్షలకు పైగా ఉంటుంది. ప్యాకేజీ తీసుకుని ఉంటే మీ ఇద్దరి డబ్బు కలిపినా ఆరు నెలలు నిండకముందే స్థలం బేరానికి వచ్చేది.

అయితే ఆ ఎఫ్‌డీ నాన్నగారి ఒక్కరి పేరు మీదే ఉంటే సంతకం ఎవరు పెట్టాలి? కుడి చెయ్యి పనిచేయదు, ఎడమ చేత్తో పెడితే కలవదు. చాలామంది ఫోన్ తీసుకుని, ఓటీపీ వేసి పని కానిచ్చేస్తుంటారు. అలా చేయకండి, రేపు చెల్లికీ మీకూ మధ్యే అనుమానాలు వస్తాయి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల్లో దీనికి దారి ఉంది. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేయొచ్చు. దానికి ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. తన తరఫున డబ్బు ఎవరు తీసుకోవాలో కూడా ఆయన చెప్పొచ్చు. మేనేజర్‌కి ఉత్తరం రాసి, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి, అధికారిని ఆస్పత్రికి గానీ ఇంటికి గానీ పంపమని అడగండి. పనిలో పనిగా అమ్మగారిని ఖాతాలో జాయింట్‌గా చేర్చండి, నామినీ ఉన్నారో లేదో చూడండి.

ఇదంతా ఆయనకు అర్థమవుతున్నప్పుడే జరగాలి. మాట లేకపోవడం గొట్టం వల్లా, పక్షవాతం వల్లా, రెండిటి వల్లా అని న్యూరాలజిస్టుని అడగండి. కేవలం గొట్టం వల్లే అయితే కొందరికి స్పీకింగ్ వాల్వ్ పెడతారు, మాట వస్తుంది. గొట్టానికి ఉండే గాలి బుడగ పూర్తిగా దించాకే ఆ వాల్వ్ పెట్టాలి. లేకపోతే ఊపిరి బయటికి పోదు. అది డాక్టర్ దగ్గరుండి చేసే పని, ఆన్‌లైన్‌లో కొని పెట్టేది కాదు. ఆయన అవునో కాదో తలూపి చెప్పగలుగుతున్నారని డాక్టరు రాసిస్తే ఆ కాగితం అన్నిచోట్లా పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక పొరపాటు ఆశ పెట్టుకోకండి. డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల మందుల ఖర్చు పాలసీల్లో ఉంటుంది గానీ, మీ 5 లక్షలూ అయిపోయాయి కాబట్టి అందులోంచి వచ్చేది లేదు. ఇంట్లో నర్సు ఖర్చు మామూలు పాలసీల్లో రాదు. డొమిసిలియరీ అని రాసి ఉంటుంది చూడండి, అది ఆస్పత్రిలో చేర్చాల్సిన రోగికి ఇంట్లోనే వైద్యం చేయాల్సి వచ్చినప్పుడు మాత్రమే. కానీ మీ హెచ్‌ఆర్‌ని ఒక మాట అడగండి: కార్పొరేట్ బఫర్ ఉందా? చాలా కంపెనీల గ్రూప్ పాలసీల్లో పెద్ద కేసుల కోసం కొంత మొత్తం పక్కన పెడతారు, ఉద్యోగి అడిగితేనే అది బయటికొస్తుంది. పాలసీ రెన్యూ అయ్యాక కొత్త 5 లక్షలు వస్తాయి. ఆ తర్వాత మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వస్తే అది కొత్త ఏడాది ఖాతాలోకి వస్తుంది. ఉద్యోగం మానొద్దనడానికి సగం కారణం ఇదే. మీరు మానిన రోజే నాన్నగారి ఇన్సూరెన్స్ పోతుంది. ఈ పరిస్థితిలో ఆయనకు కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. ఎప్పుడైనా మారాల్సి వస్తే, రాజీనామాకు ముందే అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మార్పు అడగండి.

పన్ను మినహాయింపుల గురించి బంధువులు చాలా చెబుతారు. వైకల్యం ఉన్న తల్లిదండ్రుల పేరిట 75 వేలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 తగ్గింపు ఉన్నమాట నిజమే గానీ అది పాత విధానంలోనే. కొత్త విధానంలో మీ 11 లక్షలకు ఎలాగూ పన్ను పడదు. వదిలేయండి. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ మాత్రం తీసుకోండి. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలై నుంచి నెలకు 15 వేల పింఛన్ ఇస్తోంది. కుటుంబ ఆదాయ పరిమితులున్నాయి. మీ జీతాన్ని కలిపి చూస్తే రాకపోవచ్చు. అమ్మానాన్నల రేషన్ కార్డు వేరుగా ఉంటే సచివాలయంలో అడిగి చూడండి, పోయేదేం లేదు.

ఆరు నెలల తర్వాత కూడా గొట్టం ఉండిపోయి, డాక్టర్లు ఇక తీయలేమంటే అప్పుడు స్థలం మాట. ఆస్పత్రి బిల్లు కోసం అమ్ముతున్నారని తెలిస్తే కొనేవాడు ఏ ధర చెబుతాడో మీకు తెలియంది కాదు. ఆరు నెలల గడువుంటే నాలుగు బేరాలు చూసుకోవచ్చు. కానీ ఆ రోజుకి సంతకం చిక్కు రాకుండా జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ గురించి ఇప్పుడే లాయర్‌తో మాట్లాడండి. మంచం దిగలేని వ్యక్తి కోసం సబ్ రిజిస్ట్రార్ ఇంటికే వచ్చి రిజిస్టర్ చేసే వీలు చట్టంలో ఉంది. ఆ పత్రం అమ్మగారి పేరు మీద రాయించండి, చెల్లి కూడా ఆ రోజు అక్కడ ఉండేలా చూసుకోండి. నాన్నగారికి మతి స్థిమితం తప్పితే మాత్రం అది చెల్లదు. అప్పుడు గార్డియన్‌ని నియమించమని కోర్టు మెట్లెక్కాలి, అది నెలల పని. అందుకే బ్యాంకు ఉత్తరం, లాయర్ అపాయింట్‌మెంట్ రెండూ ఈ వారమే పెట్టుకోండి.