ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే వరదలో మునిగిన కారుకు అంతా వస్తుందా?

కారు సీట్ల దాకా మునిగిందని, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి అంతా కంపెనీయే భరిస్తుందని స్నేహితులు అంటున్నారని రాశారు. మిగతాది తర్వాత. ముందు దయచేసి కారు స్టార్ట్ చేయకండి. ఒక్కసారి కూడా వద్దు.

మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు మా కారు స్టీరింగ్ దాకా మునిగింది. నీళ్లు తీశాక చూస్తే అద్దాలకు లోపలి వైపు బురద గీత, కార్పెట్ పిండితే నల్లటి నీళ్లు. బావ "ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం" అంటే సరేనన్నాను. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఇంకోటి తెచ్చి కలిపాం. లోపల 'టక్' మని ఒక్క శబ్దం, అంతే.

నష్టం ఎంతో లెక్కగట్టడానికి షెడ్‌కి వచ్చిన ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట అడిగింది అదే: "మునిగాక స్టార్ట్ చేశారా?" ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇంజిన్ విప్పితే కనెక్టింగ్ రాడ్ వంగి ఉంది. సిలిండర్‌లో నీళ్లు చేరితే అవి గాలిలా నొక్కుకోవు, పిస్టన్ పైకి రాలేక రాడ్ వంగిపోతుంది. ఇది వరద చేసిన నష్టం కాదు, స్టార్ట్ చేయడం వల్ల అయిందని ఇంజిన్ ఖర్చు ఇవ్వలేదు. సీట్లు, వైరింగ్, క్లీనింగ్ మాత్రం వరద కింద ఒప్పుకున్నారు.

"నాది బంపర్ టు బంపర్ కదా" అని చాలాసేపు వాదించాను. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బంపర్ టు బంపర్ అంటే జీరో డెప్, అంటే మార్చిన పార్టుల మీద తరుగు కోయరు, అంతవరకే. అది లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీకి సగం, ఫైబర్‌కి 30 శాతం కోస్తారు. ఇనుప పార్టులకు కారు వయసును బట్టి కోత. అద్దాలకు మాత్రం ఉండదు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లడానికి 'ఇంజిన్ ప్రొటెక్ట్' అని వేరే యాడ్-ఆన్, అంటే అదనంగా డబ్బు కట్టి తీసుకునే రక్షణ ఉంటుంది, నాకు అది లేదు. జీరో డెప్ ఉన్నా 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1000 రూపాయలు, అంతకు మించితే 2000 మన చేతి నుంచే.

రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో కారుకు రాసిన విలువ) 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే కారు పూర్తిగా పోయినట్టు తీసుకుంటారు. అప్పుడు లెక్క ఐడీవీ మీదే, మీరు షోరూంలో కట్టిన ధర మీద కాదు.

క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని ఆగకండి. అది ఎంత పెరిగినా 50 శాతమే, అదీ ఓన్ డ్యామేజ్ (మన కారు నష్టానికి కట్టే) ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద ఉండదు. బంపర్ గీతకైతే నేనూ క్లెయిమ్ చేయను. మునిగిన కారు సంగతి వేరు.

ఇప్పుడు బురద గీత కనపడేలా ఫొటోలు తీసి, ఇవాళే కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్ బండి మీద షెడ్‌కి పంపండి. సర్వేయర్ చూసేదాకా ఏదీ విప్పనివ్వకండి. పాలసీలో యాడ్-ఆన్‌లు రాసిన చోట ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందో లేదో చూసి ఇక్కడ చెప్పండి, దాన్ని బట్టి సర్వేయర్‌తో ఏం మాట్లాడాలో రాస్తాను.