తల్లిదండ్రులు వలస వెళ్తే పిల్లలు దారి తప్పుతారా?

వలస ఒక్కటే చెడగొట్టదు. శ్రీకాకుళం తీరం నుంచి తండ్రి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకెళ్లి నెలల తరబడి రాకపోయినా, అమ్మమ్మ దగ్గర బుద్ధిగా పెరిగే పిల్లలు బోలెడుమంది. గుంటడు ఎక్కడున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో ఇంట్లో ఒక్కరికైనా రోజూ తెలుస్తోందా? తేడా ముందు అక్కడే.

ఆ తర్వాత దండించే తీరు. అమెరికన్ మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ 1982లో దీన్ని వివరంగా రాశారు. ఉదాహరణకు, ఫోన్ ఇవ్వనంటే గుంటడు కంచం విసురుతాడు. పోరు పడలేక అమ్మమ్మ ఇచ్చేస్తుంది. ఆమెకు గొడవ తగ్గింది, వాడికి అరిస్తే పనవుతుందని తెలిసింది. సెలవుకొచ్చిన తండ్రి బెల్టు తీస్తే, బలమున్నవాడిదే మాట అని కూడా నేర్చుకుంటాడు. బడిలో చిన్నపిల్లల మీద వాడేది ఇదే.

తండ్రి రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి, మార్కుల కన్నా ముందు "ఇవాళ ఎవరితో ఆడావురా?" అనడగాలి. నియమాలు రెండు మూడు చాలు, ఇంట్లో అందరిదీ ఒకే మాటైతే. శిక్ష చిన్నదిగా, అదే రోజు ఉండాలి: ఆ సాయంత్రం ఫోన్ బంద్. నెలంతా బంద్ అన్నారంటే మూడోనాటికి అమ్మమ్మే ఇచ్చేస్తుంది! ఇంట్లో పిల్లల్ని కొడుతుంటే మాత్రం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి చెప్పండి.