ఆకుకూర సంగతి తర్వాత, ముందు ఐఎన్ఆర్ చేయించండి

ప్రశ్న: నా వయసు 47. తోటకూర పులుసు, గోంగూర పప్పు మా అత్తగారి పద్ధతిలోనే సన్న సెగ మీద చాలాసేపు ఉడికిస్తాను. అలా వండితే విటమిన్లన్నీ పోతాయని మా అమ్మాయి అంటోంది. నిజమేనా? రక్తం తక్కువగా ఉందన్నారని రెండు నెలలుగా రోజూ ఆకుకూరే తింటున్నాను. మూడేళ్ల కిందట గుండెకు మెటల్ వాల్వ్ వేశారు, ఎసిట్రోమ్ వాడుతున్నాను. మోకాళ్ల నొప్పులు ఎక్కువైతే మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటాను.
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మాయి చెప్పింది కొంతవరకే నిజం. ఎక్కువసేపు ఉడికితే విటమిన్ సి, ఫోలేట్ తగ్గుతాయి. ఐరన్ ఎక్కడికీ పోదు. మూత పెట్టి, ఉడికిన నీళ్లు పారబోయకుండా పులుసులోకే వాడుకోండి. పుల్లటి కూరలకు అల్యూమినియం గిన్నె వద్దు.

నాకు కంగారు పుట్టించింది మీ చివరి రెండు వాక్యాలు. ఎంత మగ్గినా పెద్దగా తగ్గనిది విటమిన్ కె. తోటకూర, పాలకూరల్లో అది దండిగా ఉంటుంది. రక్తం గడ్డకట్టడానికి విటమిన్ కె కావాలి. రక్తం పల్చబడటానికి ఇచ్చే మీ ఎసిట్రోమ్ పనిచేసేదే ఆ విటమిన్ కెకి అడ్డుపడి. మోతాదు పాతదే ఉండి ఆకుకూర ఒక్కసారిగా పెరిగితే మందు ప్రభావం తగ్గి, వాల్వ్ మీద రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. చివరిసారి ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే రక్తపరీక్ష) ఎప్పుడు చేయించారో మీరు రాయనే లేదు. రేపే చేయించండి, రిపోర్టు మీ కార్డియాలజిస్టుకు చూపించండి. మైట్రల్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య) స్థానంలో మెటల్ వాల్వ్ ఉన్నవాళ్లకు ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతాం. మీకెంత ఉండాలో ఆయనే చెప్పాలి.

భయపడి ఆకుకూర పూర్తిగా మానేయకండి. అప్పుడు రక్తం మరీ పల్చబడవచ్చు. ప్రతి వారం దాదాపు ఒకే మోతాదులో తినండి. ఎసిట్రోమ్ మీరే పెంచడం, తగ్గించడం మాత్రం చేయొద్దు.

ఇక ఆ నొప్పి బిళ్లలు. ఇలాంటి పేషెంట్లను అడిగితే స్ట్రిప్ పేరు కనపడకుండా కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసిచ్చిన నాలుగు బిళ్లలు చూపిస్తారు. అవేంటో వాళ్లకీ తెలియదు, నాకూ తెలియదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివైతే ఎసిట్రోమ్‌తో కలిసి కడుపులో రక్తస్రావం చేయగలవు. కొన్నిసార్లు వాటిలో స్టెరాయిడ్ కూడా ఉంటుంది. మీకు రక్తం తక్కువ కావడానికి ఇవే కారణం కావచ్చు, నెలసరిలో ఎక్కువ పోవడం కావచ్చు, మరొకటి కావచ్చు. చూడకుండా తేల్చలేను. కానీ కారణం వెతక్కుండా రెండు నెలలు తోటకూరతో సరిపెట్టడం మంచిది కాదమ్మా. రక్తం పల్చబడే మందు వాడుతున్నవాళ్లకు హిమోగ్లోబిన్ తగ్గితే, ఎక్కడి నుంచి పోతోందో ముందు చూడాలి. ఆ బిళ్లలు ఈరోజే ఆపండి. మిగిలినవి కవరుతో సహా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మోకాళ్లకు ఏం వాడొచ్చో అక్కడే అడగండి. జలుబు, జ్వరం, ఇన్‌ఫెక్షన్‌కు ఏ మందు కొన్నా ముందు 'నాకు వాల్వ్ ఉంది, ఎసిట్రోమ్ వాడుతున్నాను' అని చెప్పండి.

మలం నల్లగా తారులా వచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆరోజే ఆస్పత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, రోజూ వినిపించే వాల్వ్ టిక్ టిక్ మందగించినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.