ఇంటి స్టూడియోకు ఏ సాఫ్ట్‌వేర్: చందా కట్టాలా, కొనుక్కోవాలా?

ప్రశ్న: చెన్నై వలసరవాక్కంలో అద్దె ఇంట్లో ఉంటున్నాము. ఓఎంఆర్‌లోని ఐటీ సంస్థ నుంచి నెలకు 78,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చు 52,000. ఏడాదిగా సాయంత్రాలు తెలుగు ప్రకటనలకు గొంతు ఇవ్వడం, తెలిసినవారి పిల్లలు పాడే కీర్తనలను రికార్డు చేసి ఇవ్వడం ద్వారా నెలకు సుమారు 4,000 సంపాదిస్తున్నాను. బ్యాంకులో 2,40,000 ఫిక్స్‌డ్ డిపాజిట్, పొదుపు ఖాతాలో 90,000 ఉన్నాయి. ఒక గదిని స్టూడియోగా మార్చాలని ఉంది. సినిమా రికార్డింగ్ స్టూడియోలో పనిచేసే మా బావమరిది ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్టూడియో శ్రేణికి చందా కట్టమంటున్నాడు. ఒక మిత్రుడు నో కాస్ట్ ఈఎంఐలో మ్యాక్ తీసుకొని లాజిక్ ప్రో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొనమంటున్నాడు. మరొకరు క్రాక్ చేసిన, అంటే లైసెన్సు లేకుండానే నడిచేలా మార్చిన సాఫ్ట్‌వేర్ కాపీ ఉచితంగా ఇస్తామంటున్నారు. ప్రస్తుతం విండోస్ లాప్‌టాప్, ఒక యూఎస్‌బీ మైకు, మామూలు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ఏది ఎంచుకోవాలి? అవసరమైతే డిపాజిట్ తీయవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే మిగిలిన నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. డిపాజిట్‌ను తీయకండి. నెలకు 52,000 ఖర్చున్న కుటుంబానికి 2,40,000 అంటే నాలుగున్నర నెలల ఆసరా మాత్రమే. మీ రంగంలో ఉద్యోగం పోయిన వారికి మరొకటి దొరకడానికి పడుతున్న సమయాన్ని చూస్తే, ఆరు నెలల ఖర్చు, అంటే 3,12,000 చేతిలో ఉండాలని నేను కోరుకుంటాను. కాబట్టి పొదుపు ఖాతాలోని 90,000లో సగాన్ని అటు మళ్లించి, మిగిలిన 45,000ను స్టూడియో మొత్తానికి గరిష్ఠ పరిమితిగా పెట్టుకోండి. అప్పటికీ తగ్గే 27,000ను ఒకటి రెండు నెలల మిగులుతో భర్తీ చేయవచ్చు.

ఇప్పుడు మీ బావమరిది సలహా. ఆయన పనిచేసే చోట అది సరైన సలహాయే. కోడంబాక్కం, సాలిగ్రామం ప్రాంతాల స్టూడియోలలో ఒకరు మొదలుపెట్టిన పనిని మరొకరు అందుకుంటారు, పని మొత్తం ఉండే సెషన్ ఫైలు చేతులు మారుతుంది, అందరూ ఒకే ప్రోగ్రాములో ఉంటే తప్ప పని సాగదు. మీ గదిలో మొదలైన పని మీ గదిలోనే ముగుస్తుంది. ఎప్పుడైనా బయటి స్టూడియోకు పంపవలసి వచ్చినా, ప్రతి ట్రాక్‌ను, అంటే విడిగా రికార్డు చేసిన ఒక్కో ధ్వనిని, పాట మొదటి క్షణం నుంచీ ఒకే నిడివితో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా విడివిడిగా ఇస్తే, అక్కడి ఇంజినీరు ఏ ప్రోగ్రాములోనైనా వాటిని వరుసగా పేర్చుకోగలడు. మీ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉందని ఆయన అడగవలసిన అవసరమే రాదు.

ధర సంగతి చూద్దాం. 2022లో ప్రో టూల్స్ తయారుచేసే అవీడ్ సంస్థ ఇప్పటి శ్రేణులను ప్రవేశపెట్టినప్పుడు స్టూడియో శ్రేణి వార్షిక చందా 299 డాలర్లు. నేటి ధరను మీరు సరిచూసుకోవాలి గానీ, లెక్క కోసం అదే తీసుకుని, డాలరును 90 రూపాయలుగా భావించి, 18 శాతం జీఎస్టీ కలిపితే ఏడాదికి 31,754 అవుతుంది. విదేశీ మారకంలో చెల్లిస్తే కార్డు సంస్థ వేసే రెండు నుంచి మూడున్నర శాతం రుసుము దీనికి అదనం. మీ రికార్డింగ్ ఆదాయం ఏడాదికి 48,000. అంటే సంపాదించే ప్రతి మూడు రూపాయల్లో రెండు రూపాయలు సాఫ్ట్‌వేర్‌కే పోతాయి. మైకు, కరెంటు, మీ సాయంత్రాల విలువ ఇంకా లెక్కలోకే రాలేదు. ధర, మారకం రేటు మారకపోయినా అయిదేళ్లలో ఇది 1,58,769 రూపాయలు, అంటే మీ డిపాజిట్‌లో దాదాపు మూడింట రెండు వంతులు.

ఈ మొత్తం కన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది చందా స్వభావం. చందా ఆపిన రోజున మీరు అంతవరకు చేసిన పనిని పూర్తి రూపంలో తెరవగల హక్కు కూడా ఆగిపోతుంది. ఉచిత శ్రేణికి దిగి, దాని పరిమితులలో ఎంత వీలైతే అంతే చూసుకోవాలి. రెండేళ్ల క్రితం చేసిన ప్రకటనలో ఒక్క వాక్యం మార్చమని పని ఇచ్చినవారు అడిగితే, ఆ ఒక్క వాక్యం కోసం మళ్లీ చందా కట్టవలసి రావచ్చు. ఆదాయం లేని నెలలోనూ తప్పించుకోలేని ఖర్చును నేను ఇంటి అద్దెతో సమానంగా చూస్తాను, నెలకు 4,000 వచ్చే పనికి అటువంటి రెండో అద్దెను తగిలించమని ఎవరికీ చెప్పలేను.

పైగా కార్డు నుంచి క్రమం తప్పకుండా పోయే చెల్లింపుల విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. సొమ్ము కోతకు 24 గంటల ముందు మీకు సమాచారం వస్తుంది. మొత్తం 15,000 లోపు ఉంటే మళ్లీ ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది, దాటితే ప్రతిసారీ మీరు అనుమతించాలి. నెలవారీ చందాలు ఈ పరిమితి లోపలే ఉంటాయి కాబట్టి గుర్తుకు రాకుండా ఏళ్ల తరబడి పోతూనే ఉంటాయి. నా దగ్గరకు వచ్చేవారి కార్డు స్టేట్‌మెంట్లలో ఇటువంటివి కనబడని సందర్భం అరుదు.

లాజిక్ ప్రో మంచి ప్రోగ్రామే, ఒకసారి కొంటే సరిపోతుంది. అమెరికాలో దాని ధర 199.99 డాలర్లు, అంటే సుమారు 18,000 రూపాయలు. కానీ ఈ ధరకు ఒకసారి కొనేది మ్యాక్‌లో తప్ప నడవదు. కాబట్టి మీ విషయంలో దాని అసలు ధర ఒక కొత్త కంప్యూటరుతో కలిపి లెక్కించవలసినది. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేకుండా పోదు. ఆ మేరకు దుకాణం రాయితీ చూపుతుంది, బ్యాంకు మాత్రం వడ్డీ వసూలు చేసి దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తుంది, ప్రాసెసింగ్ రుసుము విడిగా ఉంటుంది, రొక్కంగా కొంటే దక్కే తగ్గింపు చేజారుతుంది. ఇప్పుడున్న లాప్‌టాప్ మూడు నాలుగు ట్రాక్‌ల పనికి మొరాయించనంత వరకు ఈ ఖర్చుకు కారణం లేదు. జీవితకాలం ఉచిత నవీకరణలు ఇచ్చే ఎఫ్ఎల్ స్టూడియో అనే ప్రోగ్రాము గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. దాని అన్నిటికన్నా చవకైన ఫ్రూటీ శ్రేణిలో గొంతు రికార్డు చేసే వీలు లేదన్న సంగతి కొనేముందు తెలుసుకోవడం మంచిది.

క్రాక్ చేసిన కాపీ విషయంలో నీతి బోధ చేయను, చట్టం మాత్రం చెబుతాను. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, అక్రమ నకలు అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2,00,000 వరకు జరిమానా పడవచ్చు. లాభాపేక్ష, వ్యాపారం లేనివారికి జైలు తప్పించే వెసులుబాటు న్యాయస్థానానికి ఉన్నది. మీరు డబ్బు తీసుకుని పని చేస్తున్నారు కాబట్టి ఆ వెసులుబాటు మీకు వర్తించదు. అదే లాప్‌టాప్‌లో మీరు నెట్ బ్యాంకింగ్ కూడా చేస్తుంటే, ఎవరు మార్చారో తెలియని ప్రోగ్రామును అందులో ఎక్కించడం మరో ప్రమాదం.

ఇక నా సూచన. మీకు నిజంగా ఎన్ని ట్రాక్‌లు కావాలో ముందుగా లెక్కపెట్టండి. కీర్తనకు శ్రుతి ఒకటి, గొంతు ఒకటి, మృదంగం ఉంటే మరొకటి రెండు. ప్రకటనకు గొంతు ఒక్కటే. వందల ట్రాక్‌లు, సిద్ధంగా ఉన్న తాళపు ముక్కలు, సింథసైజర్ ధ్వనులు ఖరీదైన శ్రేణుల ధరను పెంచుతాయి, త్యాగరాజ కీర్తన పాడే పిల్లవాడికి వాటితో పని లేదు. ప్రో టూల్స్‌లోనే 2022 నుంచి ఇంట్రో అనే ఉచిత శ్రేణి ఉంది, ఎనిమిది ఆడియో ట్రాక్‌లు ఇస్తుంది. మీ బావమరిది దగ్గర ఆ ప్రోగ్రాము మెలకువలు నేర్చుకోవాలని ఉంటే దానితో నేర్చుకోండి, రూపాయి ఖర్చు లేదు.

రోజువారీ పనికి మాత్రం రీపర్ అనే రికార్డింగ్ ప్రోగ్రామును పరిశీలించమంటాను. 60 రోజులు పూర్తి రూపంలో పరీక్షించవచ్చు. వ్యాపార ఆదాయం ఏడాదికి 20,000 డాలర్లకు మించని వ్యక్తులకు లైసెన్సు 60 డాలర్లు, మించినవారికి 225. మీ ఆదాయానికి మొదటిదే వర్తిస్తుంది. పన్ను కలిపినా 6,400 రూపాయల లోపే. ఇది చందా కాదు. ఇప్పటి ప్రధాన వెర్షన్‌తో పాటు తరువాతి ప్రధాన వెర్షన్‌కూ ఆ లైసెన్సు చెల్లుతుంది, ఆ తరువాత నవీకరించకపోయినా మీ దగ్గరున్నది పనిచేస్తూనే ఉంటుంది. లోపాలూ ఉన్నాయి. చూడడానికి బోసిగా ఉంటుంది, వాద్యాల ధ్వనులు దాదాపుగా రావు, మొదటి వారం కొంత విసుగు పుట్టిస్తుంది. సినిమా నేపథ్య సంగీతం కూర్చాలనుకునేవారికి దీన్ని మొదటి ఎంపికగా చెప్పను. తంబుర ధ్వనికి మీ శ్రుతి పెట్టె చాలు.

సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన డబ్బును చెవికి తేడా తెలిసే చోట పెట్టండి. రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటరుకు కలిపే పరికరం), ఒక కండెన్సర్ మైకు (సన్నని ధ్వనినీ పట్టే మైకు) కలిపి 30,000 దాటనివ్వకండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ వంటి ఇంటర్‌ఫేస్‌తో అబ్లెటన్ లైవ్ లైట్ అనే ఎనిమిది ట్రాక్‌ల ప్రోగ్రాము ఉచితంగా వస్తుంది, కాబట్టి పెట్టె తెరవక ముందే సాఫ్ట్‌వేర్ కొనడం తొందరపాటు. మిగిలే 8,600లో బ్యాకప్‌కు ఒక హార్డ్ డిస్కు, గదికి బరువైన పరదాలు కొనండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ ఆక్రమిస్తుంది కాబట్టి, నాలుగు ట్రాక్‌ల ఆరు నిమిషాల కీర్తనను పదిసార్లు పాడించినా రెండు జీబీకి కాస్త ఎక్కువ చోటు చాలు. గది విషయంలో అద్దె ఇల్లు అన్నది మరిచిపోవద్దు. గోడలకు మేకులు కొట్టి నురుగు పలకలు అంటిస్తే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడుతుంది. బట్టల స్టాండు మీద పాత బొంతలు వేసి గాయకుడి వెనుక నిలబెడితే ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. ఆర్కాట్ రోడ్డు వాహనాల హోరును మాత్రం అవి ఆపలేవు, రాత్రి తొమ్మిది దాటాక రికార్డు చేయడమే దానికి చవకైన ఉపాయం. చెన్నై తేమకు కండెన్సర్ మైకు త్వరగా పాడవుతుంది, పని అయ్యాక సిలికా జెల్ పొట్లంతో మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

చందా ఎప్పటికీ వద్దని నా మాట కాదు. ఏడాది చందా మీ ఏడాది రికార్డింగ్ ఆదాయంలో 15 శాతానికి లోబడినప్పుడు కట్టండి. పై లెక్క ప్రకారం అందుకు ఏడాదికి సుమారు 2,12,000, అంటే నెలకు 17,600 రావాలి. అంతకు ముందే ఏదైనా స్టూడియో ప్రో టూల్స్ సెషన్ కావాలని పట్టుబడితే, ఆ ఒక్క నెలకే చందా తీసుకుని, దాని ఖర్చును ఆ పని కొటేషన్‌లోనే చేర్చండి. అదే రోజున ఆటో రెన్యువల్‌ను రద్దు చేయండి.

పన్ను విషయం క్లుప్తంగా. ఈ 48,000 వృత్తి ఆదాయం, జీతంతో పాటు దీన్ని చూపాలి కాబట్టి ఆదాయపు పన్ను రిటర్ను పత్రాల్లో ఐటీఆర్-1 మీకు పనికిరాదు, ఐటీఆర్-3 గానీ 4 గానీ వేయాలి. కొన్న సాఫ్ట్‌వేర్‌పై 40 శాతం తరుగుదల, 180 రోజుల కన్నా తక్కువ వాడిన ఏడాదిలో అందులో సగం, లెక్కలు రాసేవారికి వర్తిస్తుంది. వసూళ్లలో ఒక నిర్ణీత శాతాన్నే ఆదాయంగా చూపే అంచనా ఆదాయ పద్ధతిలో ఈ ఖర్చులను విడిగా తగ్గించుకోలేరు. పన్ను ఆదా అవుతుందన్న కారణంతో ఖరీదైన శ్రేణికి వెళ్లవద్దు, 20 శాతం శ్లాబులో ఉన్నవారికి వంద ఖర్చు పెడితే మిగిలేది ఇరవయ్యే. మీ ఇల్లు వాననీరు చేరే కింది అంతస్తులో ఉంటే పరికరాలకు బీమా కూడా అడగండి. డబ్బు తీసుకుని చేసే పనికి వాడే పరికరాలను గృహ బీమా కవర్ చేస్తుందా లేదా అన్నది పాలసీ పత్రంలో రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి.