లారీలో పైన ఏది, కింద ఏది

అమ్మడూ,

ఆటోనగర్‌లో షెడ్డు అద్దెకి తీసుకుని ప్రీఫ్యాబ్ పని, అదే ఉక్కు ముక్కలు షెడ్డులో చేసి సైటులో బిగించే పని, మొదలెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పి ఏడ్చింది. నేను ఫోన్ పెట్టేసి మీ అత్త చేత రెండుసార్లు టీ పెట్టించుకున్నాను. నాకు గర్వమో భయమో ఇంకా తేలలేదు.

జీఎస్టీ, బ్యాంకు, వెల్డర్లకి హెల్మెట్లు, ఇవన్నీ నీకు తెలుసు. చదువుకున్నదానివి.

ఈ పనిలో అందరూ కిలో ఇంత అని రేటు కొట్టుకుంటారు. నువ్వూ రూపాయి తగ్గించి ఆర్డరు పట్టాలని చూస్తావు. ఉక్కు ధర మన చేతిలో లేదే పిచ్చిదానా. ఏ ముక్క ఏ రోజు సైటులో దిగాలన్నదే మన చేతిలో ఉంది. ఓనరుకి ఖరీదు పడేది క్రేన్ ఖాళీగా నిలబడిన రోజు.

నా సంగతి విను. అచ్యుతాపురంలో ఒక గోడౌను. సైటుకి చేరిన తూకం మీద బిల్లు. మధ్యలో స్తంభాల అడుగునుండే బేస్ ప్లేట్ల డ్రాయింగు మారింది, ఆ స్తంభాలు, అదే కాలమ్స్, ఆగిపోయాయి. రూఫ్ షీట్లు మాత్రం తయారుగా ఉన్నాయి. చేతిలో డబ్బు లేదు, జీతాలివ్వాలి. "ముందు షీట్లు పంపేద్దాం, బిల్లు పడుతుంది" అన్నాను. పడింది. జూలై నెల. కట్టలు నేలమీద చదునుగా పేర్చి, పైన ఓ టార్పాలిన్ కప్పాం. రెండు వారాలకి విప్పితే షీటుకీ షీటుకీ మధ్య నీళ్లు. తళతళలాడాల్సిన జింకు మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్ల తుప్పు. గోరుతో గీరితే పొడి రాలింది కానీ మచ్చ పోలేదు. ఓనరు ఒక్క మాటనలేదు. వేలితో రాసి చూసి, ఆ వేలు నా చొక్కాకే తుడిచాడు. తిట్టినా బాగుండేది.

కాలమ్స్ వచ్చాక ఇంకో కథ. బరువైనవి అడుగునుంటే బండి నిలకడగా ఉంటుందని నేనే దగ్గరుండి ఎక్కించాను. ముందు దిగాల్సినవేమో కాలమ్స్, పైనున్నవేమో కప్పు మోసే రాఫ్టర్లు. హైడ్రా క్రేనుకి రోజంతా రాఫ్టర్లు దించి పక్కన పెట్టడమే సరిపోయింది. కింద దుంగలు వెయ్యక రెండు వంగాయి కూడా. మర్నాడు కాలమ్ ఎత్తితే పునాది బోల్టులు ప్లేటు కన్నాల్లో కూర్చోలేదు! సివిల్ వాళ్లు పాత డ్రాయింగు చూసి పోసేశారు. కొత్తది ఆఫీసు పంపే ఉంటుందిలే అనుకున్నాను. గ్యాస్ కట్టర్‌తో కన్నాలు పెద్దవి చేద్దామన్నవాణ్ణి కొట్టబోయాను. తప్పు నాది, కోపం వాడి మీద. చివరికి మీ అత్త గాజులు రెండు పోయాయి. మిగిలినవాటిని ఇప్పటికీ "గోడౌను మిగిల్చినవి" అంటుంది.

అందుకే, డ్రాయింగు మారిన పూటే సివిల్ సూపర్‌వైజరుకి నువ్వే ఫోన్ చెయ్యి. కాలమ్ ప్లేటుకి కన్నాలు వెయ్యకముందే సైటుకెళ్లి బోల్టుల మధ్య టేపు పట్టు. ఎరెక్షన్ మేస్త్రీని అడిగి, ముందు నిలబెట్టే బేకి, అంటే రెండు కాలమ్ వరసల మధ్య భాగానికి, కావాల్సినవన్నీ ఒక లారీలో పంపు. ముక్కల నంబర్లు సుద్దతో రాయకు, వానకి పోతాయి. ఉక్కు మీదే పంచ్ కొట్టించు. బిల్లు కోసం షీట్లు ముందు పంపావని తెలిస్తే మీ ఇంటికొచ్చి మరీ తిడతాను.

ఇంకోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నీకు ఊహ తెలుసు. మంచం కింద దూరావు. ఆ మధ్యాహ్నం మా సందులోంచి రేకులు కాగితాల్లా ఎగిరిపోవడం కళ్లారా చూశాను. బిల్డింగు కోడు మన విశాఖకి చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఎక్కడిదో లోపలి ఊరి డిజైను చవగ్గా దొరికిందని తేకు. మొదటి బే లేవగానే బ్రేసింగ్, అదే గాలికి ఊగకుండా ఏటవాలుగా బిగించే కడ్డీలు, వెయ్యి. పొద్దుపోయింది, రేపు చూద్దాం అనకు. అక్టోబరులో అసలే అనకు. నీకు చాదస్తం అనిపిస్తుంది, అనిపించనీ.

నా స్టీలు టేపు ఆదివారం పంపిస్తాను. మొదటి పది సెంటీమీటర్ల అంకెలు అరిగిపోయాయి, పది దగ్గర పెట్టి కొలిచి, తర్వాత పది తీసెయ్యి. పంపడం ఎందుకులే, నేనే తెస్తాను. బోల్టులు పోసే ముందురోజు చెప్పు.

మీ మావయ్య