నాన్నగారు లారీ ప్రమాదంలో పోయారు, కాగితంలో గుండె ఆగిందని రాశారు

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. సింగరాయకొండ వద్ద హైవే దాటుతుండగా లారీ గుద్ది మా నాన్నగారి తలకు దెబ్బ తగిలింది. నెల్లూరు ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి చనిపోయారు. 'గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల మరణం' అని డాక్టరు రాశారు. పోస్టుమార్టం చేయలేదు, దహనమూ అయిపోయింది. ప్రమాద బీమా రాదంటున్నారు. రికార్డు సరిచేయించవచ్చా?

జవాబు: సరిచేయించవచ్చు. గుండె, శ్వాస ఆగడం చనిపోయిన ప్రతి మనిషికీ జరిగేదే గాని, అది మరణ కారణం కాదు. మరణ కారణాన్ని ధ్రువీకరిస్తూ ఆసుపత్రి డాక్టరు నింపే నాలుగో నంబరు ఫారంలో చివరి స్థితిని పై వరసలోనూ, దానికి దారితీసినవాటిని కిందనూ, అన్నిటికీ మూలమైన కారణాన్ని అట్టడుగునా రాయాలి. మరణం సహజమా, ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా అన్నదానికీ, గాయం ఎలా అయిందన్నదానికీ వేరే గడులున్నాయి. మీ నాన్నగారి ఫారంలో తల గాయం, లారీ ఢీకొన్న సంగతి తప్పక ఉండవలసింది. పై వరస ఒక్కటే నింపి సంతకం చేస్తే పోలీసు లెక్కలో ప్రమాద మృతి అయినవారు ఆరోగ్య లెక్కలో గుండెజబ్బు మృతులలో కలిసిపోతారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

కేస్ షీట్ (ఆసుపత్రిలో జరిగిన చికిత్స వివరాల రికార్డు), స్కాన్ రిపోర్టుల నకళ్ల కోసం ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. వాటిని చూపి, కారణాన్ని సవరించి రాసివ్వమని ఆ డాక్టరునే కోరండి. తరువాత జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 15వ సెక్షన్ కింద, విషయం తెలిసిన ఇద్దరు నమ్మదగినవారి ప్రకటనలతో రిజిస్ట్రారుకు అర్జీ పెట్టాలి. మరణం సంభవించిన చోటే నమోదవుతుంది కనుక, అర్జీ మీ పంచాయతీలో కాదు, నెల్లూరు నగరపాలక సంస్థలో ఇవ్వాలి. పాత నమోదును చెరపరు. మార్జినులో సరైన వివరం రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు. మీకిచ్చే మరణ ధ్రువపత్రంలో కారణం ఉండదు కాబట్టి బీమా సంస్థకు డాక్టరు సవరణనూ, కేస్ షీట్‌నూ జతపరచండి.

పోస్టుమార్టం లేకపోవడం లోటే, కాని అంతటితో దారి మూసుకుపోదు. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, చేరిన రోజునుంచి చివరి రోజుదాకా ఉన్న కేస్ షీట్ కలిపి చూస్తే గాయానికీ మరణానికీ సంబంధం తేలుతుంది. ఎఫ్ఐఆర్ ఇంకా గాయాల కేసుగానే ఉంటే, మరణ సమాచారం రాతపూర్వకంగా ఇచ్చి, భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్‌కు (నిర్లక్ష్యం వల్ల మరణం) మార్చమని పోలీసులను కోరండి.

లారీ యజమానిపైనా, బీమా సంస్థపైనా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం కోరడం వేరే హక్కు. దానికి మోటారు వాహనాల చట్టం పెట్టిన 6 నెలల గడువు మరణం నుంచి కాక ప్రమాదం జరిగిన రోజునుంచే లెక్క కనుక, రికార్డు సవరణ పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ పిటిషన్ ముందే వేయండి.